లేవకూడని రాకుమారుడు

చెన్నకేశవులు తన జీవితంలో ఒక్కటే పద్యం నేర్చుకున్నాడు. అదీ ఆటవెలది. ఎంత సాగదీసి పాడినా ఒక బీడీ కాలేలోపు అయిపోతుంది. దాన్ని జనం ముందు పాడటానికి అతను పడినన్ని పాట్లు, రాత్రంతా పద్యాలు పాడే పెద్ద వేషగాళ్ళు కూడా పడి ఉండరు.

అతని ఊరు ఎర్రవాగుపల్లె. మార్కాపురం నుంచి తర్లుపాడు పోయే దారిలో ఉంటుంది. అప్పుడు అదంతా కర్నూలు జిల్లా. తండ్రి ఓబయ్యకు కొంచెం మెట్టచేను ఉంది. వాన పడితే సేద్యం, పడకపోతే మార్కాపురం పలకల గని. తండ్రీకొడుకులు గనిలో రాయి తీసి, ఉలితో పొరలు చీల్చి, బడిపిల్లల పలకలకు పనికొచ్చేట్టు చేసేవాళ్ళు. సాయంత్రానికి కనుబొమల మీద కూడా బూడిదరంగు పొడి పేరుకునేది. అతను నాటకాల్లో చేరాడని తెలిసినప్పుడు గనివాళ్ళు, కంపెనీకి పౌడరు ఖర్చు మిగిలిందని నవ్వుకున్నారు.

చెన్నకేశవస్వామి తిరునాళ్ళలో కరుణాకరం కంపెనీ నాటకం చూసినప్పటి నుంచి అతని మనసు గనిలో నిలవలేదు. కరుణాకరం గిద్దలూరు మనిషి. మిషను బడిలో పిల్లల చేత కీర్తనలు పాడించటానికి హార్మోనియం నేర్చుకుని, చివరికి ఆ పెట్టెతోనే నాటకాల కంపెనీ పెట్టాడు. తెర మాత్రం మద్రాసు నుంచి తెప్పించాడు. నాటకం తనే రాసుకున్నాడు. కథ చిన్నది. రాకుమారుడు పాము కరిచి చనిపోతాడు. భార్య పాడె పక్కన కూర్చుని విలపిస్తుంది. ఆమె పాతివ్రత్యానికి దేవుడు కరిగి ప్రాణం పోస్తాడు. రాకుమారుడు లేచి ఒక పద్యం పాడతాడు. ఆ తర్వాత మంగళం.

ఆ పద్యం ఇది:

నిదుర లేచినాను నీ మోము జూచితి
చావు దారి విడిచి చల్లగాను
ఏల యేడ్పు నీకు నింకేల శోకమ్ము
లేచినట్టి నాకు లేదు చావు

కరుణాకరం పెద్ద కవేమీ కాడు. కానీ తిరునాళ్ళలో విన్న ఆ నాలుగో పాదం చెన్నకేశవులును వదల్లేదు. ఆ పాదాన్ని గనిలో ఉలి దెబ్బలకు తగ్గట్టు పాడుకుంటూ వేసవి మొదటి రోజులన్నీ గడిపాడు. ఒకనాడు గిద్దలూరు రైలెక్కి పోయి కరుణాకరం ఇంటి ముందు నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే కంపెనీలో రాకుమారుడి వేషం ఖాళీ అయింది. పాత రాకుమారుడు పెళ్ళయ్యాక ఒళ్ళు చేశాడు. పాడె మోసేవాళ్ళు మా వల్ల కాదన్నారు. కరుణాకరం చెన్నకేశవులు గొంతు వినలేదు. నిలబెట్టి, వెనక్కి తిప్పి, నడుం కొలిచినట్టు చూసి, సరిపోతావు అన్నాడు.

ఇక ఓబయ్యను ఒప్పించాలి. ఓబయ్య సంతలో ఎద్దును బేరమాడినట్టే ఇంట్లోనూ బేరమాడే మనిషి. బేరం కుదిరాక మాత్రం మాట అటూ ఇటూ కదలనివ్వడు, తన వైపు లాభమైనా సరే, నష్టమైనా సరే. కొడుకు చెప్పిందంతా విన్నాడు.

"నాటకాలు తప్పని నేననను," అన్నాడు. "నువ్వు వేషంలో నిలబడి పద్యం పాడాల. నేను నా చెవులతో వినాల. విన్నంక నీ యిష్టం. వినకముందే ఏరువాక వచ్చిందా, వచ్చి మడక పట్టాల. మళ్ళా ఆ మాట ఎత్తగూడదు."

ఒక్క పద్యమే కదా అనుకున్నాడు చెన్నకేశవులు. ఒప్పుకున్నాడు.

కంపెనీలో అతనికి మొదట నేర్పింది పద్యం కాదు, చావటం. పాడె మీద పడుకుని పొట్ట కదలకుండా ఊపిరి తీయాలి. పెట్రోమాక్సు దీపానికి వచ్చే పురుగులు మొహం మీద పాకినా రెప్ప కదలకూడదు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఆంజనేయులు. కంభం నుంచి వచ్చిన ఈ ఆంజనేయులు ఆ చుట్టుపక్కల పేరు మోసిన స్త్రీ వేషగాడు, రాకుమారుడి భార్య అతనే. ముక్కుపొడి అలవాటు ఉంది. విలపించటానికి శవం మీదికి వంగినప్పుడల్లా ఆ పొడి కొంత రాలి చెన్నకేశవులు ముక్కు మీద పడేది. తుమ్ము ఆపుకోవటం నేర్చుకోవటానికే కొన్ని వారాలు పట్టింది.

ఎప్పుడు లేవాలో కరుణాకరం స్పష్టంగా చెప్పాడు. "పెట్టె మీద నేను స్వరమిస్తా. అప్పుడు లే. స్వరం వినపడేదాకా ఆకాశం విరిగి పడినా లేవొద్దు."

స్వరం రాలేదు. మొదటి ఊళ్ళో ఆంజనేయులు విలాపానికి జనం వన్స్‌మోర్ కొట్టారు. రెండోసారి పాడాడు, మళ్ళీ కొట్టారు. ఆంజనేయులు వద్దనే మనిషి కాడు. తూర్పు తెల్లబడింది, ఆడవాళ్ళు నీళ్ళకు పోవటానికి లేచారు. కరుణాకరం ఇక లాభం లేదని నేరుగా మంగళం అందుకున్నాడు. రాకుమారుడు చచ్చినవాడు చచ్చినట్టే ఉండగా తెర పడింది. రెండో ఊళ్ళోనూ ఇంతే. మూడో ఊళ్ళో చెన్నకేశవులు ఆంజనేయులును పట్టుకుని, అన్నా, కొంచెం తొందరగా ఏడువు అని బతిమిలాడాడు. కట్టుకున్నోడు చస్తే తొందరేందిరా అన్నాడు ఆంజనేయులు.

ఆ ఏడు వానలు మొదట్లోనే మొహం చాటేశాయి. మృగశిర కార్తె వచ్చినా మబ్బు లేదు. ఆ రోజుల్లోనే కొమరోలు పక్క ఒక పల్లెలో ఆడుతుండగా, విలాపం మధ్యలో గాలి లేచి ఒక్కసారిగా వాన దిగింది. జనం గోతాలు నెత్తిన వేసుకుని చూరుల కిందికి పరుగెత్తారు. ఆంజనేయులు చీర ఎగగట్టి పరుగెత్తాడు. కరుణాకరం పెట్టె తడుస్తుందని దాన్ని చంకన పెట్టుకుని పోయాడు. పెట్టె పోయింది కాబట్టి స్వరం ఇచ్చేవాళ్ళు లేరు. స్వరం లేదు కాబట్టి చెన్నకేశవులు లేవలేదు. ఇదంతా ఆంజనేయులు కొత్తగా పెట్టిన అభినయమేమోనని కూడా అనుకున్నాడట. నోట్లోకి నీళ్ళు పోతున్నా కదలకుండా, వాన వెలిసేదాకా పాడె మీదే ఉన్నాడు.

ఎదురింటి అరుగు మీద నుంచి వీరమ్మ అనే ముసలామె ఇది చూసింది. ఆ పల్లెల్లో వానలు రాని ఏడు ఊరి బయట మట్టితో మనిషి బొమ్మ చేసి, పాడె కట్టి, నిజంగా మనిషి పోయినట్టు ఏడ్చి, తీసుకుపోయి వాగులో వదిలేవాళ్ళు. చచ్చినవాడి కోసం దేవుడు ఏడుస్తాడని, ఆ ఏడుపే వాన అని నమ్మకం. మట్టిబొమ్మకే కరిగే దేవుడు మనిషికి కరగడా అంది వీరమ్మ. పొద్దెక్కేలోపు ఆ మాట పక్క ఊరికి పోయింది. వారం తిరిగేలోపు గిద్దలూరు తాలూకా దాటింది.

అంతకుముందు ఊరూరా తిరిగి నాటకం పెట్టించుకోండని అడిగిన కరుణాకరం ఇంటికి ఇప్పుడు బండ్లు కట్టుకుని వచ్చారు. అందరిదీ ఒకటే షరతు. రాకుమారుడు లేవకూడదు. లేస్తే దేవుడి ఏడుపు ఆగిపోతుంది.

చెన్నకేశవులు మొదటిసారి గొంతు పెంచాడు. "అన్నా, నేను చేరింది పాడటానికి. చావటానికి కాదు."

"కంపెనీ నోట్లోకి నాలుగు మెతుకులు పోతాండేది నీ పద్యం వల్లనా, నీ పీనుగు వల్లనా?" అన్నాడు కరుణాకరం. "నీకేంది కష్టం? పండుకుంటే చాలంటాండారు. అందరికీ ఇట్లాంటి అదృష్టం పడతాదా?"

ఇదే మాట ఇంకా చాలామంది అన్నారు. హాయిగా పడుకునే ఉద్యోగమని, తమకెవరూ ఇవ్వరేమని. వాళ్ళకు జవాబు చెప్పీ చెప్పీ అతనికి విసుగెత్తింది. ఊళ్ళవాళ్ళు ఇప్పుడు కంపెనీ పాడెను ఒప్పుకోవటం లేదు. తామే పచ్చి వెదురు కొట్టి, నిజమైన శవానికి కట్టినట్టే ముళ్ళు బిగించి కడుతున్నారు. సాయంత్రం నుంచి అతనికి అన్నం పెట్టరు, చచ్చినవాడు తింటాడా అంటారు. దోర్నాలలో శ్రీశైలం యాత్రికులు తినే హోటల్లో ఒక పెద్దమనిషి అతన్ని గుర్తుపట్టి, తన విస్తరి తీసుకుని దూరంగా పోయి కూర్చున్నాడు. వానపీనుగు అనే పేరు అక్కడే మొదట విన్నాడు. ఆ పేరు అతన్ని చివరిదాకా వదల్లేదు.

చంద్రశేఖరపురం వైపు ఒక ఊళ్ళో ఆంజనేయులుతో పాటు ఊరి ఆడవాళ్ళు కూడా పాడె చుట్టూ చేరారు. నాటకం ఎక్కడ ఆగిందో, ఏడుపు ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఒక ముసలామె చెన్నకేశవులు గడ్డం పట్టుకుని, కలరాలో పోయిన తన కొడుకు పేరు పెట్టి పిలిచింది. వాడికి ఇష్టమైన కూర ఏమిటో చెప్పింది. మూసిన రెప్పల కింద నుంచి చెన్నకేశవులుకు నీళ్ళు కారాయి. తెల్లారింది, వాన పడలేదు. పీనుగు ఏడిస్తే దేవుడెందుకు ఏడుస్తాడని ఊరి పెద్దలు కోప్పడి, కంపెనీని అన్నం పెట్టకుండా పంపారు. వాన పడిన చోట గొప్పంతా ఆ ఊరి భక్తికి పోయేది. పడని చోట తప్పంతా అతనికి వచ్చేది. కదిలాడనో, గోక్కున్నాడనో, గట్టిగా ఊపిరి పీల్చాడనో.

అతన్ని లోపల తినేసేది వేరే ఉంది. ఏరువాక దాకానే తండ్రి ఇచ్చిన గడువు. ఏరువాక రావాలంటే తమ ఊళ్ళో వాన పడాలి. అక్కడ ఇంకా పడలేదు కాబట్టి గడువు తీరలేదు. పడిన మర్నాడు ఓబయ్య కబురు పంపుతాడు. తను ఊరూరా పడుకుని పిలుస్తున్న వానే, తన ఊరికి వస్తే, తన పని ముగుస్తుంది. ఈ సంగతి ఎవరికైనా చెప్పుకుందామంటే, వాన వద్దనుకునే మనిషిని ఆ ఏడు ఆ సీమలో ఎవరు బతకనిస్తారు?

ఆరుద్ర కార్తెలో ఎర్రవాగుపల్లె నుంచే పిలుపు వచ్చింది. ఊరి పెద్ద నాగయ్య స్వయంగా వచ్చాడు. చెన్నకేశవులు ఆ రోజు కరుణాకరం కాళ్ళ దగ్గర కూర్చుని లేవలేదు. ఒక్కసారి స్వరం ఇవ్వమన్నాడు. తన తండ్రి వినాలని, ఇక అడగనని అన్నాడు. కరుణాకరం చెడ్డవాడు కాడు. కొంతసేపు పెట్టె మెట్లు ఊరికే నొక్కుతూ ఉండి, సరే లే, ఒకసారి పాడి మళ్ళా పండుకో అన్నాడు. ఊరి పెద్దలకు మాత్రం ఆ ముక్క చెప్పలేదు.

ఎర్రవాగుపల్లెలో జనం ఎప్పుడూ లేనంతమంది వచ్చారు. ఓబయ్య ముందు వరసలో గోతం పరుచుకుని కూర్చున్నాడు. కొడుకును పాడె మీద మోసుకొస్తున్నప్పుడు తల దించుకున్నాడు. ఆంజనేయులు ఈసారి చెన్నకేశవులుకు ఇచ్చిన మాట ప్రకారం విలాపాన్ని తొందరగా ముగించాడు. వేగుచుక్క పొడిచే వేళకు కరుణాకరం స్వరం ఇచ్చాడు.

చెన్నకేశవులు లేచాడు. పాడె దిగి నిలబడ్డాడు.

నాగయ్య మెల్లగా పైకి లేచాడు.

"ఎవరు లెమ్మన్నారు వాణ్ణి?" అన్నాడు. గొంతు పెంచలేదు.

కరుణాకరం పెట్టె వైపు చూసుకున్నాడు. చెన్నకేశవులు నాగయ్యను చూడలేదు. తండ్రినే చూస్తూ మొదటి పాదానికి గొంతు సవరించుకున్నాడు.

"పండుకో నాయనా," అన్నాడు ఓబయ్య.

"నువ్వే గదా వినాలంటివి. పాడతాండా."

"విత్తనాలు కుండలో పుచ్చి పోతాండాయి. ఊరంతా చూస్తాండాది. పండుకో."

చెన్నకేశవులు నోరు తెరిచే ఉంది. తండ్రి రెండు చేతులూ జోడించలేదు కానీ, మోకాళ్ళ మీద పెట్టుకున్న ఆ చేతులు ఎలా ఉన్నాయంటే, జోడించి ఉంటేనే నయమనిపించింది. అతను నోరు మూసుకున్నాడు. వెనక్కి తిరిగి, పాడె ఎక్కి పడుకున్నాడు.

రాకుమారుడు రెండోసారి ఎలా చనిపోయాడో చెప్పే పద్యం నాటకంలో లేదు. ఆంజనేయులు కొంచెం తడబడి, ఇచ్చిన ప్రాణం మళ్ళీ తీసుకున్నావా అని దేవుణ్ణి తిడుతూ విలాపం మధ్య నుంచి ఎత్తుకున్నాడు. జనం మెచ్చుకున్నారు.

తెల్లవారింది. ఆకాశంలో చెయ్యంత మబ్బు లేదు. మధ్యలో లేస్తే ఇంకేం పడుతుందని నాగయ్య అందరికీ వినపడేట్టు అన్నాడు. అందరూ అదే అన్నారు. ఒకరిద్దరు ఓబయ్య వైపు చూసి మరీ అన్నారు. కట్టిన పాడె ఊళ్ళోకి తిరిగి పోకూడదు, వాగు దగ్గర విప్పి వెదుర్లు పారేయాలి. ఎప్పుడూ దానికి ఊరివాళ్ళు నలుగురు వచ్చేవాళ్ళు. ఆ పొద్దు ఎవరూ ముందుకు రాలేదు. ముందు కొన ఓబయ్య ఎత్తుకున్నాడు. వెనక కొన, ఇంకా రాకుమారుడి వేషంలోనే ఉన్న చెన్నకేశవులు ఎత్తుకున్నాడు.

వాగులో ఇసుక తప్ప ఏమీ లేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ముళ్ళు విప్పటం మొదలుపెట్టారు. ఊరివాళ్ళు గట్టిగా కట్టారు, ఒక్కటీ ఊడిరావటం లేదు. చెన్నకేశవులు గోరు విరిగింది. దాంతో ఇన్నాళ్ళూ ఆపుకున్నదంతా బయటికి వచ్చింది. వినాలన్నది నువ్వే, వినకుండా పడుకోబెట్టింది నువ్వే అన్నాడు. లేస్తే తప్పు, లేవకపోతే తప్పు, ఏడిస్తే తప్పు, ఇక తను చేయాల్సింది నిజంగా చావటమొక్కటే అన్నాడు. ఓబయ్య ముడి మీద నుంచి చూపు తిప్పలేదు.

"వేషంలోనే ఉండావు గదా," అన్నాడు. "లేచి పాడు. వింటా."

అంత తేలిగ్గా అనేసరికి చెన్నకేశవులుకు ఇంకా మండింది. ఆ మంటతోనే లేచి, ఎండిన వాగు మధ్యలో నిలబడి ఎత్తుకున్నాడు. నిదుర లేచినాను నీ మోము జూచితి. గొంతు తను అనుకున్నదానికంటే బాగా పలికింది. ఓబయ్య చేతులు ఆగిపోయాయి. చావు దారి విడిచి చల్లగాను. ఆ చివరి అక్షరం మీద రాగం తీస్తుండగా నల్లమల వైపు నుంచి గాలి వచ్చింది. కొండ వెనక ఎప్పుడు పేరుకున్నదో, మబ్బు నల్లగా పైకి లేచింది. మూడో పాదానికి చినుకులు పడ్డాయి. చూస్తుండగానే అది గట్టి వాన అయింది. గట్టు మీది తాటాకుల మీద వాన పడే చప్పుడులో అతనికే అతని గొంతు వినపడలేదు. అయినా ఆపలేదు. నాలుగో పాదం అరిచాడు. మళ్ళీ అరిచాడు. తండ్రి చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు, కానీ మొహం ఆకాశం వైపే ఉంది.

సగం విప్పిన పాడెను అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తారు. నాగయ్య తన వాకిట్లో తడుస్తూ నిలబడి ఉన్నాడు. కొంచెం ఆలస్యమైనా ఫలించింది, రెండోసారి కదలకుండా పడుకున్నాడు కాబట్టే అని చుట్టూ ఉన్నవాళ్ళకు చెబుతున్నాడు. చెన్నకేశవులును చూసి భుజం తట్టి, లేవకుండా ఉండింటే రాత్రే పడేది గదా అన్నాడు.

"పడుకున్నప్పుడు కాదు మామా. పాడతా ఉంటే పడింది," అన్నాడు చెన్నకేశవులు. ఎవరూ నమ్మలేదు. అతను తండ్రి వైపు తిరిగాడు. "నాయనా, నువ్వు చెప్పు. ఉండినావు గదా. విన్నావు గదా."

అందరూ ఓబయ్యను చూశారు. ఓబయ్య నీళ్ళు కారుతున్న తువ్వాలు పిండుకుని మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"రెండు పాదాలు విన్నా," అన్నాడు. "తర్వాతవి రెండూ వానలో పోయినాయి. విననిదాన్ని విన్నానని ఎట్ల చెప్పేది?"

"అయితే?"

"సగం విన్నా గదా. ఏరువాక కాడ నుంచి పంట ఇంటికొచ్చేదాకా నువ్వు నాకు. మిగతా సగం నాటకాలకు పో."

నాగయ్య ఇది న్యాయమే అన్నాడు. ఓబయ్య ఉన్నంతకాలం ఆ తీర్పే నడిచింది. ఏడాదిలో సగం చెన్నకేశవులు సజ్జ చేలో, సగం పాడె మీద. రెండు చోట్లా అతన్ని వానపీనుగు అనే పిలిచారు.

ఆ పొద్దు మాత్రం అతను ఊరుకోలేదు. తండ్రి వెంట ఇంటికి పోతూ, వాన తగ్గింది, నిలబడు, మిగిలిన రెండు పాదాలూ ఇప్పుడే వినిపిస్తా అన్నాడు. ఓబయ్య ఆగలేదు. చూరు కింద కట్టి ఉన్న విత్తే గొర్రును దించటానికి అప్పటికే చేతులు పైకెత్తాడు.

"నేల పదునుండంగా పద్యమేందిరా," అన్నాడు. "ఆ పక్క పట్టు."

చెన్నకేశవులు మొహాన రంగు చారలు చారలుగా కారుతుండగా ఆ పక్క పట్టాడు.